సాక్ష్యానికి మూడు నెలలు ఆగండి

తెలుగు సంఘాల కాపరులకు, సువార్త యాత్రలకు జట్లను పంపే పెద్దలకు,



వేసవి సెలవులు వస్తే మన సంఘాల్లోంచి జట్లు జట్లుగా బయల్దేరతారు. ఒడిశా కొండలకు కొందరు, బస్తర్ వైపు కొందరు, పాడేరు, అరకు మన్యానికి ఇంకొందరు. రెండు మూడు వారాలకు తిరిగొస్తారు. వచ్చిన మొదటి ఆదివారమే ఆరాధన మధ్యలో ముందుకు పిలుస్తాం, మైకు చేతికిస్తాం, తెర మీద ఫొటోలు చూపిస్తాం, సాక్ష్యం చెప్పిస్తాం. సంఘమంతా స్తోత్రం చెబుతుంది. మరుసటి వారానికి ఎవరి పనుల్లో వాళ్ళం పడిపోతాం.

నా విన్నపం ఒకటే. ఆ మొదటి ఆదివారం వాళ్ళను ముందుకు పిలవకండి. మూడు నెలలు ఆగండి. అప్పుడైనా అక్కడ ఏ అద్భుతాలు చూశారని అడగొద్దు. తిరిగొచ్చాక ఇక్కడ, మన ఊళ్ళో, తమ వీధిలో, తమ ఇంట్లో దేవుడు ఏం చేస్తుంటే చూశారో అది చెప్పమనండి.

యాత్రలు వద్దని నేను అనను. వెళ్ళొచ్చినదాన్నే. వెళ్ళి ఉండకపోతే ఈ ఉత్తరం రాసే పనే పడేది కాదు.

నేను ప్రభుత్వాసుపత్రిలో ల్యాబ్ టెక్నీషియన్ని. కళ్ళె పరీక్షలు, రక్తపు చుక్కలో మలేరియా వెతకడం, ఇవే నా రోజులు. ఒంగోలు ప్రాంతపు బాప్టిస్టు సంఘంలో పుట్టి పెరిగాను. మా సంఘం వైద్య జట్టుతో జార్ఖండ్‌లోని రాజ్‌మహల్ కొండలకు వెళ్ళాను. హౌరా దాకా ఒక రైలు, అక్కణ్ణుంచి సాహిబ్‌గంజ్ మీదుగా పోయే ఇంకో రైలు. కింద గంగ, పైన కొండలు. కొండల మీద పహాడియాలు ఉంటారు. వాళ్ళు మాట్లాడే మాల్తో మన తెలుగులాగే ద్రావిడ కుటుంబపు భాష. సంతాలీ, బెంగాలీ, హిందీల మధ్య, ఇంత దూరాన, అది ఎలా నిలిచిందా అనిపిస్తుంది. తమిళనాడు నుంచి వెళ్ళిన మిషనరీ కుటుంబాలు అక్కడే ఏళ్ళ తరబడి కాపురముంటున్నాయి. మేం వెళ్ళింది వాళ్ళకు చేతిసాయానికి.

ఆ కొండల్లో కాలా అజార్ అనే జ్వరం ఉంది. మట్టి గోడల పగుళ్ళలో, తేమలో పెరిగే ఇసుక ఈగ కుట్టడం వల్ల వస్తుంది. వారాల తరబడి జ్వరం, ఒళ్ళు నల్లబడటం, మనిషి చిక్కిపోతుంటే పొట్ట మాత్రం ఉబ్బిపోవడం. మందు పడకపోతే నూటికి తొంభై అయిదు మందికి పైగా చనిపోతారు. మన మద్రాసులో పనిచేసిన చార్లెస్ డోనవన్ అనే డాక్టరు, లీష్‌మన్ అనే ఇంకొకాయన 1903లో ఈ జబ్బు క్రిమిని విడివిడిగా కనిపెట్టారు. అందుకే దానికి వాళ్ళిద్దరి పేర్లూ కలిపి లీష్‌మేనియా డోనవనీ అని పెట్టారు.

ఒక గుడిసెలో ఎనిమిదేళ్ళ పిల్లవాడు పడుకుని ఉన్నాడు. ఎడమ డొక్క కింద చెయ్యి పెడితే ప్లీహం గట్టిగా, బొడ్డు దాకా తగిలింది. వేలు గుచ్చి ఒక చుక్క రక్తం తీసి స్ట్రిప్ మీద వేశాను. పది నిమిషాలు ఆగాలి. రెండు గీతలు పడ్డాయి, అంటే కాలా అజారే. కింద ఆసుపత్రికి తీసుకెళ్దామంటే తల్లి ససేమిరా అంది. అంతకుముందు ఆమె తమ్ముణ్ణి ఇలాగే మంచం మీద మోసుకుని దించారట, శవమై తిరిగొచ్చాడట. మాలో కొందరం ఆ గుడిసె ముందే కూర్చుని ప్రార్థన చేశాం. మిషనరీ గారి భార్య, ఆ తమిళ అక్క, ప్రార్థన అయ్యాక మాతో కిందికి రాలేదు. ఆ రాత్రి ఆ తల్లి పక్కనే పడుకుంది. ఇద్దరూ ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు. తెల్లవారి ఆ తల్లే పిల్లవాణ్ణి ఎత్తుకుని బయటికి వచ్చింది.

అక్కడ ఆశా కార్యకర్తను సహియా అంటారు. ఆ సహియా ముందు నడిచింది. ఊళ్ళో నలుగురు కుర్రాళ్ళు మంచం మోశారు. రోడ్డు దాకా దిగితే జీపు దొరికింది. ఆసుపత్రిలో ఫ్రిజ్‌లో దాచిన మందు, ఆంఫోటెరిసిన్, ఒక్కటంటే ఒక్క డోసు. రెండు గంటల పాటు చుక్క చుక్కగా ఎక్కించారు. అంతే వైద్యం. వారాల తరబడి సూదులు పొడిపించుకున్న కాలం పోయి ఈ ఒక్క డోసు పద్ధతి మన దేశంలో 2014 నుంచి వచ్చింది. మేం బయల్దేరేనాటికి పిల్లవాడు లేచి కూర్చుని పెసలు వేసి వండిన అన్నం తింటున్నాడు.

తిరిగొచ్చిన ఆదివారం మా జట్టులోని ఒక తమ్ముడు ఈ సంగతి సాక్ష్యంగా చెప్పాడు. మంచి పిల్లవాడు, ప్రార్థనాపరుడు, అబద్ధం ఎరగడు. ఇచ్చింది అయిదు నిమిషాలు. అయిదు నిమిషాల్లో అది ఇలా అయింది: పిల్లవాడు చావుబతుకుల్లో ఉన్నాడు, మేం చేతులుంచి ప్రార్థించాం, జ్వరం విడిచిపోయింది. సంఘం లేచి నిలబడి స్తుతించింది. సహియా ఎటు పోయిందో, నలుగురు కుర్రాళ్ళు ఎటు పోయారో, రాత్రంతా మట్టి నేల మీద పడుకున్న అక్క ఎటు పోయిందో, ఫ్రిజ్‌లో చల్లగా కాపాడిన ఆ మందు ఎటు పోయిందో! నాకు కన్నీళ్ళు వచ్చాయి. పక్కన కూర్చున్నావిడ అవి ఆనందబాష్పాలనుకుంది.

అయ్యా, ఆ తమ్ముణ్ణి నేను తప్పు పట్టడం లేదు. మనం వేసిన వేదిక అలాంటిది. ప్రార్థనకూ స్వస్థతకూ మధ్య ఎవరూ ఉండకూడదు, ఎవరి చెయ్యీ కనపడకూడదు, అప్పుడే అది దేవుడి పని అని మన పిల్లలకు నేర్పాం. వాక్యం అలా నేర్పిందా? యాయీరు కూతుర్ని చావులోంచి లేపాక యేసు ప్రభువు చేసిన తర్వాతి పని ఏమిటి? ఆ పిల్లకు తినడానికి ఏదైనా పెట్టమన్నాడు. పన్నెండేళ్ళ పిల్ల, ఎన్నాళ్ళ నుంచి పస్తు ఉందో. చావును గెలిచినవాడు ఆకలి సంగతి తల్లిదండ్రులకు అప్పగించాడు. లాజరును సమాధిలోంచి పిలిచినవాడు ప్రేతవస్త్రాల కట్లు విప్పే పని పక్కన నిలబడ్డవాళ్ళకు చెప్పాడు. కానా పెళ్ళిలో ఆరు రాతి బానలు అంచుల దాకా నింపింది పరిచారకులు. విందు ప్రధానికి ఆ ద్రాక్షారసం ఎక్కడిదో తెలియలేదు, నీళ్ళు మోసినవాళ్ళకు తెలిసింది. యోహాను ఆ మాట ప్రత్యేకించి రాశాడు. మన సాక్ష్య కూడికల్లో మైకు ఎప్పుడూ విందు ప్రధాని చేతిలోనే ఉంటోంది.

ఇంటికొచ్చాక నాకేం జరిగిందో చెప్తాను.

ఆ కొండ మీద ఆడవాళ్ళు నీళ్ళ కోసం ఊటబావి దాకా దిగి, తల మీద కుండతో మళ్ళీ ఎక్కుతారు. వానాకాలంలో ఆ దారి జారుడు బండలే. నేనూ ఒకసారి ఒక పిల్లతో దిగి ఎక్కాను. సగం దారిలో నా ఊపిరి అందలేదు, ఆ పిల్ల నా బిందె కూడా పట్టుకుంది. తిరిగొచ్చిన మర్నాడు మా ఇంట్లో కుళాయి తిప్పాను. అది కుళాయి వచ్చే రోజు. నాగార్జునసాగర్ దగ్గర కృష్ణ ఆగి, కుడి కాలువలో ప్రయాణం చేసి, మా ఊరి సమ్మర్ స్టోరేజి చెరువులో నిలబడి, శుద్ధి అయి, పైపుల్లోంచి నా బిందెలోకి వచ్చింది. మా అమ్మమ్మ కాలంలో ఈ జిల్లాలో నీళ్ళంటే చెలమ, లేకపోతే ఫ్లోరైడ్ బావి. ఆ బావుల నీళ్ళు తాగి నడుములు వంగిపోయినవాళ్ళను కనిగిరి వైపు నేటికీ చూస్తాం. సాగర్ రాళ్ళు మోసినవాళ్ళ పేర్లు నాకు తెలియవు. బిందె నిండుతుంటే వాళ్ళ కోసం ప్రార్థన చేశాను. అంతకు ముందు ఎన్నివేల సార్లు ఆ కుళాయి తిప్పి ఉంటాను!

ఇక నా బల్ల దగ్గర జరిగింది. ఈ ఉత్తరానికి ప్రాణం అదే, కాస్త ఓపిగ్గా వినండి.

క్షయ అనుమానం ఉన్నవాళ్ళ తొలి పరీక్ష ఇప్పుడు మా దగ్గర చాలావరకు యంత్రం మీదే అయిపోతుంది. మందులు పనిచేస్తున్నాయా లేదా చూడటానికి మాత్రం ఇంకా గాజు స్లైడే. కళ్ళెను స్లైడు మీద పలచగా పూసి, ఆరనిచ్చి, కార్బాల్ ఫ్యూక్సిన్ పోసి, ఆవిరి లేచేదాకా కింద మంట చూపిస్తాం. తర్వాత యాసిడ్‌తో కడుగుతాం. ఆ కడుగుడుకు అన్నిటి రంగూ పోతుంది, క్షయ క్రిమి ఒక్కటే పట్టుకున్న ఎరుపును వదలదు. చివర్న మిథిలీన్ బ్లూ. లెన్సు కింద పెడితే నీలం మధ్య సన్నటి ఎర్ర గీతలు కనిపిస్తాయి. 1882 మార్చి 24న బెర్లిన్‌లో రాబర్ట్ కోక్ లోకానికి చూపించినది ఆ క్రిమినే.

ఒక ఆటో డ్రైవరు ఉన్నాడు. నేను కొండలకు వెళ్ళకముందు అతని స్లైడు చూసింది నేనే. ఏ వైపు జరిపినా ఎర్ర గీతలే. నలభై కేజీలు కూడా లేడు. బండి ఫైనాన్సు వాళ్ళు తీసుకెళ్ళారు. ఇంటర్ చదివే కూతురు రోజూ పొద్దున్నే మాత్రలు లెక్కపెట్టి చేతిలో పెట్టి, మింగేదాకా ఎదురుగా నిలబడేదట. మందు మొదలయ్యాక మూత్రం ఎర్రగా వస్తోందని అతను భయపడి మానేయబోతే, అది రిఫాంపిసిన్ రంగు, భయం లేదని ఆశా కార్యకర్త ఇంటికెళ్ళి చెప్పొచ్చింది. రెండు నెలల మందు పూర్తయ్యాక ఫాలో అప్ కళ్ళె వచ్చింది. అప్పటికి నేను ఇంటికొచ్చి వారం కూడా కాలేదు.

నెగెటివ్ అని రాయాలంటే కనీసం వంద ఫీల్డులు చూడాలి. చూస్తూ పోయాను. నీలం. మళ్ళీ నీలం. అరవై దాటాయి, ఎనభై దాటాయి. ఎక్కడా ఒక్క ఎర్ర గీత లేదు. నూరూ అయ్యాక అనుమానం తీరక ఇంకొన్ని చూశాను. ఆ మనిషి ఊపిరితిత్తుల్లో గుట్టలుగా ఉన్న చావు అందులో లేదు. ఇలాంటి స్లైడ్లు నా సర్వీసులో ఎన్ని చూసి ఉంటానో. చూసి, రిజిస్టర్లో రాసి, తర్వాతది ఎత్తుకునేదాన్ని. ఆ రోజు మాత్రం చెయ్యి కదల్లేదు. కుర్చీలోంచి లేచి, ల్యాబ్‌లో ఎవరున్నారో కూడా చూసుకోకుండా దేవునికి స్తోత్రం అన్నాను. రాజ్‌మహల్‌లో ఆ పిల్లవాడు లేచి కూర్చున్నప్పుడు ఏది చూశానో అదే ఇక్కడ, రోజూ కూర్చునే నా కుర్చీ ముందు చూశాను. కొండ మీద దేవుడు నాకు కొత్తగా అద్భుతం ఏమీ ఇవ్వలేదు, చూపు ఇచ్చి పంపాడు.

ఆ చూపు ఎక్కువ రోజులు నిలవదు. అందుకే నా తొందర. తిరిగొచ్చిన పిల్లలకు కొన్ని వారాల పాటు అన్నీ కొత్తగా కనిపిస్తాయి. అమ్మ పొద్దున్నే లేచి కట్టే క్యారియరు, వీధి ఊడ్చే అక్క, తాగుడు మానేసి ఆర్నెల్లుగా పనికి వెళ్తున్న బాబాయి, బడిలో చెల్లెలి పళ్ళెంలో పడ్డ కోడిగుడ్డు. సరిగ్గా ఆ వారాల్లోనే మనం వాళ్ళను ఊరూరా కూడికలకు తిప్పి, అక్కడి సంగతులే చెప్పించి, ఆ చూపునంతా మైకులో ఒలకబోయిస్తున్నాం. చెప్పిన కొద్దీ కథ నునుపు తేరుతుంది. చెప్పేవాళ్ళకే చివరికి ఏది చూశారో, ఏది చెప్పడానికి బాగుందో తేడా తెలియకుండా పోతుంది.

మన పెద్దల చరిత్రనూ ఇలాగే నునుపు చేసుకున్నాం. ఒంగోలు బాప్టిస్టులం మా గొప్ప ఎవరైనా అడిగితే ఒకే అంకె చెప్తాం: 1878 జులై 3న గుండ్లకమ్మలో, వెల్లంపల్లి దగ్గర, ఒక్క రోజులో 2,222 మందికి బాప్తిస్మం. నిజమే, మహత్తరమైన దినం. దానికి ముందు రెండేళ్ళు ఏం జరిగిందో ఎంతమంది పిల్లలకు చెప్తున్నాం? అది 1876 నుంచి 78 దాకా ఊళ్ళకు ఊళ్ళను తినేసిన ధాత కరువు. అమెరికాలో సర్వే పని నేర్చి వచ్చిన మిషనరీ జాన్ క్లౌ దొర బకింగ్‌హామ్ కాలువలో మూడు మైళ్ళకు పైగా తవ్వే కాంట్రాక్టు తీసుకున్నాడు. బక్కచిక్కిన మాదిగ, మాల కుటుంబాలు వచ్చి మట్టి తవ్వాయి, తట్టలు మోశాయి, కూలి తీసుకున్నాయి, ఆ డబ్బుతో గింజలు కొనుక్కుని బతికాయి. బోధకులే మేస్త్రీలు. పగలు పని చేయించి, సాయంత్రం పనివాళ్ళ మధ్య కూర్చుని కబురు చెప్పారు. కరువు సాయం పంచుతున్నన్నాళ్ళు, ఏడాదికి పైగా, ఎంతమంది అడిగినా క్లౌ బాప్తిస్మం ఇవ్వలేదు. గింజల కోసం వచ్చారన్న మాట వాళ్ళ మీద పడకూడదని. నా దృష్టిలో గుండ్లకమ్మ రోజుకన్నా ఆ ఏడాది గొప్పది. కూలి తీసుకుని తలెత్తుకుని నిలబడ్డ ఆ జనం, తొందరపడని ఆ దొర, రోజూ మోసిన ఆ మట్టి తట్టలు. మా ముత్తవ్వ తరం ఆ తట్టలు మోసినవాళ్ళలోదే.

క్షయ సంగతి వచ్చింది కాబట్టి ఇంకొక్కటి. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం శానిటోరియం మీకు తెలుసు. అనేక మిషన్లు కలిసి 1915లో తెరిచాయి, డెన్మార్క్ నుంచి వచ్చిన ఫ్రిమాట్ మోలర్ గారు దాన్ని నిలబెట్టారు. అప్పటికి క్షయకు మందు లేదు. మంచి గాలి, పాలు, గుడ్లు, విశ్రాంతి. బతకాలంటే ఇల్లు విడిచి, పిల్లల్ని విడిచి, అక్కడికి ప్రయాణం కట్టాలి. మంచం దొరికినవాళ్ళు అదృష్టవంతులు. తర్వాత మందులొచ్చాయి. 1956లో మద్రాసులో ఒక పరీక్ష మొదలుపెట్టారు. కొందరు రోగుల్ని శానిటోరియంలో ఉంచారు, కొందరికి వాళ్ళ పేద ఇళ్ళలోనే, ఇరుకు గదుల్లోనే మందులిచ్చారు. 1959లో ఫలితం చెప్పారు. ఇంట్లో మందు తిన్నవాళ్ళూ దాదాపు అంతే బాగా కోలుకున్నారు. ఇంట్లోవాళ్ళకు అదనంగా జబ్బేమీ అంటలేదు. ప్రపంచమంతా క్షయ వైద్యం ఆ తర్వాత మారిపోయింది. అంతకుముందు స్వస్థత కోసం కొండెక్కాల్సి వచ్చేది. మద్రాసు పేటల్లోంచి అది మన గడపలోకి నడిచొచ్చింది. మా ఆటో డ్రైవరు కూతురు ఇంట్లోనే మాత్రలు లెక్కపెట్టగలిగిందంటే అందుకే. ప్రభుత్వ పథకం కింద పోషణకు అతని ఖాతాలో నెలనెలా డబ్బు పడుతోంది. 2018లో 500 రూపాయలుగా మొదలైనది 2024 నవంబరు నుంచి 1,000 అయింది. దీన్ని స్తుతి కూడికలో చెప్పకూడదా? ప్రభుత్వ పథకమైతే దేవుడి లెక్కలోకి రాదా?

ఇక చెప్పక తప్పని మాట. నా చేతుల మీదుగా పోయింది కనుక చెబుతున్నాను. నాకు తెలిసిన ఒక చెల్లెలు మూడో నెల మందులు తింటూ ఒక స్వస్థత కూటానికి వెళ్ళింది. అక్కడ వరసగా సాక్ష్యాలు. ప్రార్థించాం, జబ్బు పోయింది, ప్రార్థించాం, జబ్బు పోయింది. మందులు మానమని ఎవరూ ఆమెతో అనలేదు. మందులు తినమనీ ఎవరూ అనలేదు. ఒంట్లో బాగానే ఉంది, దగ్గు తగ్గింది, మాత్రలు ఆపేసింది. కొన్ని నెలలకు మళ్ళీ నా దగ్గరికి కళ్ళె వచ్చింది. ఈసారి మామూలు మందులకు లొంగని క్షయ. మొదటి నుంచి, ఇంకా బలమైన మందులతో, ఇంకా ఎక్కువ బాధతో మొదలుపెట్టాలి. ఆమెకు ఇద్దరు చిన్నపిల్లలు.

హిజ్కియా రాజు గోడవైపు తిరిగి ఏడ్చి ప్రార్థించాడు. దేవుడు విన్నాడు, పదిహేనేళ్ళ ఆయుష్షు పెంచాడు. అదే అధ్యాయంలో యెషయా ప్రవక్త అంజూరపు పండ్ల ముద్ద తెప్పించి పుండు మీద కట్టించాడు. ప్రార్థన చేసినవాడికి కట్టు కట్టించుకోవడం అవిశ్వాసం కాలేదు. అయ్యగార్లూ, మీరు పుల్పిట్ మీదనుంచి ఒక్క మాట అంటే మేం ఆసుపత్రిలో వంద మాటలు అన్నంత. తలమీద చెయ్యి ఉంచి ప్రార్థించిన ప్రతిసారీ, మాత్రలు పూర్తిగా వాడు తల్లీ అని కలపండి. అది మీ ప్రార్థనను ఏమాత్రం తక్కువ చేయదు.

ఫొటోల గురించి కూడా. ఆ కొండ మీద జ్వరంతో పడి ఉన్న పిల్లల ఫొటోలు మన తెరల మీద వేయొద్దు. మన పిల్లవాడు అలా ఒళ్ళు తెలియకుండా పడుకుని ఉంటే ఇంకో రాష్ట్రపు సంఘం తెర మీద వేయనిస్తామా? వాళ్ళ అద్భుతానికి సాక్షులు వాళ్ళే. ఆ తల్లి మాల్తోలో తన సంఘంలో ఆ సంగతి ఎలా చెప్పుకుంటుందో, అందులో మేం ఉంటామో ఉండమో! ఉండకపోయినా ఫరవాలేదు.

మీలో కొందరికి ఒక సందేహం రావచ్చు. మొదటి ఆదివారం ఆ వేడి మీద చెప్పించకపోతే సంఘంలో మిషను భారం చల్లారిపోతుందనీ, అక్కడి మిషనరీలకు కానుకలు తగ్గుతాయనీ. ఈ సందేహాన్ని నేను తేలిగ్గా తీసుకోను. ఆ కుటుంబాలు మన కానుకల మీదే బతుకుతున్నాయి. కానీ వాళ్ళ బతుకు ఎలా ఉంటుందో దగ్గర్నుంచి చూశాను. ఆ తమిళ అక్కకు మొదటి ఆదివారం అనేది లేదు. పొద్దున్నే పిల్లల్ని బడికి లేపడం, ఎవరింట్లో జ్వరమో కనుక్కోవడం, ఇసుక ఈగల మందు చల్లే మనిషి వస్తే గోడలన్నిటికీ చల్లనివ్వమని ఇంటింటికీ తిరిగి బతిమాలడం, సాయంత్రం నలుగురితో ప్రార్థన. మర్నాడూ అదే. ఏడాదికి పది వేల మందిలో ఒక్క కేసు కన్నా తక్కువకు కాలా అజార్‌ను దించాలని ప్రభుత్వం పెట్టుకున్న లక్ష్యం వెనక ఇలాంటి మనుషులు ఎందరో ఉన్నారు. మేం చూసినవి వారాలు, ఆమె గడిపినవి ఏళ్ళు. మన సాక్ష్యాల్లో మా వారాలే వెలిగిపోతే ఆమె ఏళ్ళు ఎవరికి కనపడతాయి? తన వీధిలో దేవుడి రోజువారీ పనిని చూడటం వచ్చిన సంఘమే ఆమె రోజువారీ పనికి ఏళ్ళ తరబడి కానుక పంపగలదు. వేడి మీద ఇచ్చే కానుక ఆ వేడి ఉన్నన్నాళ్ళే వస్తుంది.

కాబట్టి మూడు నెలలు. ఎందుకు మూడు అంటే, కొత్త చూపు ఉండగా చూసుకోవడానికి, తర్వాత అది మసకబారినా చూసినదాన్ని వదలకుండా పట్టుకోవడానికి కనీసం ఆ మాత్రం కావాలి. ఆ మూడు నెలలూ వాళ్ళను ఊరికే వదలకండి. వారానికొకసారి పాస్టరమ్మ గారో, ఒక పెద్దో పక్కన కూర్చోబెట్టుకుని, ఈ వారం ఏం చూశావమ్మా అని అడగండి. ఒక నోటుపుస్తకంలో రాయించండి. ప్రార్థనతో పాటు ఎవరెవరి చేతులు ఆ పనిలో ఉన్నాయో కూడా రాయించండి, నర్సు అయితే నర్సు, డ్రైవరు అయితే డ్రైవరు, మన నమ్మకం లేనివాళ్ళయినా సరే. సాక్ష్యం చెప్పే రోజున ఆ చేతుల వాళ్ళు ఊళ్ళో ఉంటే వాళ్ళనూ ఆరాధనకు పిలవండి. మన సంఘం తలుపులు తెల్లవారుజామున తీసి, చాపలు పరిచి, ఊడ్చి, మనం వచ్చేసరికి వెనక వరసలో కూర్చునే అవ్వలున్నారు. వాళ్ళ చేత ఎవరైనా ఎప్పుడైనా సాక్ష్యం చెప్పించారా? మొదటి పిలుపు వాళ్ళకే ఇస్తే నాకు సంతోషం.

ఈ మే నెలలో మా సంఘం నుంచి మరో జట్టు రాజ్‌మహల్ వెళ్తోంది. టికెట్లు తీసుకోవడం అయిపోయింది. మా కాపరి గారితో ఈ సంగతి ఇప్పటికే మాట్లాడాను. ఈసారి తిరిగొచ్చాక సాక్ష్యం సెప్టెంబరులోనే పెడదామని ఆయన ఒప్పుకున్నారు. మీ జట్లు కూడా మేలోనే బయల్దేరేట్టయితే, ఈ లోపే మీ పెద్దల కమిటీలో ఒక్కసారి ఈ మాట ఎత్తండి.

ప్రభువులో మీ సహోదరి,
ఒంగోలు ప్రాంతపు ఒక ల్యాబ్ టెక్నీషియన్